చూరు కింది సాక్షులు

పుబ్బ కార్తె, ప్రవేశం

పురుగుమందు మబ్బు వేళకే దిగింది. దాన్ని చిమ్మే స్తంభాలు సన్నగా బుసకొట్టి ఆగాయి. చేల మీద తెల్లటి పొర మోకాలెత్తున నిలిచి, ఎండ రాగానే వరి ఆకుల్లోకి ఇంకిపోయింది. ఆ తర్వాత వల తెరిచాను.

తొమ్మిది పిచ్చుకలు, రెండు జీనువాయిలు పడ్డాయి. జీనువాయి పిచ్చుక కన్నా చిన్నది, ముక్కు మాత్రం లావు. ఒక్కొక్కదాన్నీ గుడ్డసంచిలోంచి తీసి, రెక్క విప్పి, కింద కనిపించే నరంలోంచి ఒక చుక్క రక్తం తీసి మీటరులో వేశాను. ఇదివరకు పిట్టను నా భార్య హైమ పట్టుకునేది. కొంగుతో దాని కళ్లు కప్పేది. కళ్లు కప్పితే పిట్ట కొట్టుకోదు. ఇప్పుడు పాత మేజోడు తలకు తొడుగుతున్నాను. పని అవుతోంది, కొంచెం ఆలస్యంగా.

సగటు అంకె 91. మందు ఒంట్లోకి చేరేకొద్దీ రక్తంలో ఒక ఎంజైము తగ్గుతుంది. మీటరు కొలిచేది దాన్నే. వంద అంటే మందు ఎరగని పిట్ట. అంకెను మీటరే, మబ్బు దించే బోర్డుకు పంపింది. తొంభై దాటింది కనుక రేపటి నుంచి మోతాదు ఒక మెట్టు పెరుగుతుంది. డెబ్భైకి దిగితే స్తంభాలు వాటంతటవే ఆగిపోతాయి. మధ్యలో ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు.

మనుషుల రక్తం చూడడం ఎప్పుడో మానేశారు. మనుషుల అంకెల మీద తగువులు వచ్చేవి, పిట్టల అంకెల మీద రావు. పిట్ట తినేదీ మనిషి తినేదీ ఒకే చేలోది కనుక పిట్టకు ఫర్వాలేకపోతే మనిషికీ ఫర్వాలేదని బోర్డు నియమావళి మొదటి పేజీలో ఉంది.

స్తంభాల మూతులు తుడిచే బుల్లెబ్బాయి పని ముగించుకుని వచ్చి వసారా మెట్టు మీద కూర్చున్నాడు.

"ఎంతండీ ఇయ్యాల?"

"తొంభై ఒకటి."

"మళ్లీ మనదే ఫస్టు! పక్క జోనోళ్లది డెబ్బై ఆరేనంటండి. ఆళ్ల పిట్టలూ ఆళ్ల లాంటియ్యే, తిన్నది ఒంటబట్టదు."

నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. మంచినీళ్లు ఇచ్చాను.

పుబ్బ, ఐదో రోజు

వరాలమ్మ వచ్చింది. ఊళ్లో కలుపుతీత ఆడవాళ్లకు ఆమె పెద్ద. హైమ వాళ్లతోనే చేలోకి వెళ్లేది. ఊరికే ఇంట్లో కూర్చోవడం తన వల్ల కాదనేది. నేను స్టేషన్ దాటి వెళ్లే మనిషిని కాను. వల ఇక్కడే, మీటరు ఇక్కడే, ఇల్లూ ఇక్కడే.

"అన్నయ్యగారూ, పిట్టల రక్తం తీసీ తీసీ మీరూ పిట్టలా అయిపోయారు. అన్నం తింటున్నారా, నూకలేరుకుంటున్నారా?" అంటూ నెత్తి మీది గంప దించింది. గంప నిండా వరి కుచ్చులు.

స్టేషన్ చుట్టూ అరెకరం మీద మబ్బు దిగదు. పరికరాలకు మందు అంటకుండా చుట్టూ పంకాలు బయటికి గాలి తోలుతుంటాయి. ఆ అరెకరంలో హైమ పాత రకం వరి వేసింది. పైరుకు పట్టే సుడిదోమ కోసం సాయంత్రాలు దీపం కింద నీళ్ల పళ్లెం పెట్టేది. పండిన కంకులను జడలా అల్లి, కుచ్చులు కట్టి, చూరుకు వేలాడదీసేది. కొత్త పంటలో మొదటి కంకులు పిచ్చుకలకు ఇవ్వడం ఈ లంకల్లో ఒకప్పటి అలవాటు. యంత్రాలు కోసిన వడ్లు నేరుగా బోర్డు గోదాముకు పోవడం మొదలయ్యాక కంకి అనేది చేతికి రావడం మానేసింది, అలవాటూ పోయింది. హైమ మళ్లీ తెచ్చింది. వల దగ్గర మేత వేయకూడదన్న నియమం ఒకటుంది. అప్పట్లో బోర్డును అడిగాను. ఇంటి చూరుకు కట్టింది అలంకరణ కిందికి వస్తుంది, మేత కిందికి రాదని జవాబొచ్చింది.

హైమ పోయాక దాళ్వాలో, రెండో పంటకు, ఆ అరెకరం వరాలమ్మే చేసింది. ఈ కుచ్చులు ఆ పంటవి.

"హస్తలో వొదిన సంవత్సరీకం కదండీ. ఈలోగా ఊళ్లో ప్రతి చూరుకీ ఒకటి కట్టాలని అందరం అనుకున్నాం. వొదిన పేరు మీద."

మంచిదన్నాను.

"ఇదిగో, ఈ చివర ముడి కాస్త బిగించండి. నా వేళ్లు నా మాట వినటంలేదు. ముసలిదాన్నయిపోయానేమో."

ఆమెకు ఇంకా యాభై రాలేదు. ముడి బిగించాను.

పుబ్బ, చివరి రోజులు

ఊళ్లో చూరు చూరుకూ కుచ్చు వేలాడుతోంది. స్టేషన్ చూరుకు పాతవాటితో కలిపి ఒక వరుస అయింది. పిచ్చుకలు చేలోకి పోవడం దాదాపు మానేశాయి. తలకిందులుగా వేలాడుతూ తింటాయి, పొట్టు వసారా నిండా రాలుస్తాయి. వాటిలో ఒక ఆడ పిచ్చుక కాలికి ఎర్ర ఉంగరం ఉంది. గుర్తు కోసం హైమ తన చేత్తో తొడిగింది. అది వలలో పడితే సంచిలో పెట్టేలోపే నా వేలు పొడుస్తుంది.

అంకె 95. మోతాదు మరో మెట్టు.

జోన్ అధికారి మల్లిక ఫోన్ చేసింది. ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు. గొంతు చిన్నది, మర్యాద ఎక్కువ.

"మీ జోన్‌ను ఆదర్శ జోన్‌గా పెట్టామండి. మిగతా స్టేషన్లలో మీటరు రీడర్లకి మీ పద్ధతి చెప్పగలరా?"

పద్ధతంటూ ఏమీ లేదని చెప్పాను.

ఉత్తర కార్తె, మూడో రోజు

రెండు రోజులు గాలీవాన. ఈ ఉదయం వలలో ఒక గిజిగాడు పడింది. స్టేషన్ వైపు గిజిగాళ్లు రావు. అవి పంటకాలవ అవతలి తాడిచెట్లకు గూళ్లు కడతాయి, చేలల్లో తింటాయి. గాలికి కొట్టుకొచ్చినట్టుంది. కాలికి ఉంగరం లేదు.

వల నుంచి తీస్తుంటే పెనుగులాడలేదు. ముక్కు చివర నుంచి తడి కారుతోంది. వేళ్లు ముడుచుకుని ఉన్నాయి. మేజోడు అవసరం రాలేదు. రక్తం తీసి మీటరులో వేశాను. 44.

మళ్లీ వేశాను. అదే అంకె. ఈలోగా చేతిలో బరువు మారింది, పిట్ట పోయింది.

మిగతా పిచ్చుకలన్నీ తొంభై పైనే. అదే గాలి, అదే వాన, అదే ఊరు. మీటరు తెర మీద ఒక మాట వచ్చింది: తేడా అంకె, సగటులో చేర్చలేదు.

ఉత్తర, ఐదో రోజు

కాలవ దాటి తాడిచెట్ల దాకా వెళ్లాను. హైమ పోయాక అటు వెళ్లడం ఇదే మొదలు.

గూళ్లు ఉన్నాయి. పాతవి చిక్కగా, నీటి చుక్క దూరనంత బిగువుగా ఉన్నాయి. ఈ ఏటివి వేరుగా ఉన్నాయి. గడ్డిపోచలు ఒకదాన్నొకటి పట్టుకోలేదు. కొన్ని సగంలో ఆగిపోయాయి, కొన్ని కొమ్మ నుంచి జారి తాడి మట్టల్లో చిక్కుకున్నాయి. చెట్ల కింద చచ్చిన పిట్టలు, వాటి చుట్టూ చీమలు. ఒకదాని కడుపు కోసి చూశాను. బోర్డు వడ్లు. బోర్డు వడ్లు బోడివి. హైమ వేసిన పాత రకానికి గింజ చివర పొడవాటి మీసం ఉంటుంది. మా వసారాలో నేను రోజూ ఊడ్చే పొట్టంతా మీసాల పొట్టే.

చెట్టు కింద చాలాసేపు నిలబడ్డాను. ఆ వదులు అల్లిక ఇదివరకు ఎక్కడో చూశాననిపించింది. ఎక్కడో గుర్తు రావడానికి ఇంటికి వెళ్లాల్సిన అవసరం లేకపోయింది. అయినా వెళ్లాను.

ఉత్తర, ఆరో రోజు

హైమ కట్టిన పాత కుచ్చులు చూరు నుంచి దించి, వసారాలో వరుసగా పరిచాను. కట్టిన క్రమం నాకు తెలుసు, తూర్పు నుంచి పడమరకు వేలాడదీసేది. మొదటివి జడ అల్లినట్టు ఉన్నాయి. మధ్యలో పాయలు ఎడమయ్యాయి. ఆ తర్వాత ముడులు రెండేసి, మూడేసి. ఒక ముడి నిలవక మళ్లీ వేసినవి. ఆఖరిది ఇంట్లో ఉంది, ఆమె మంచం పక్కన గోడ గూట్లో. అది సగమే అల్లింది. చూరుకు ఎక్కలేదు.

విషజ్వరమని చెప్పారు అప్పుడు. చెమటలు, నోటి వెంట నీళ్లు, చేతుల వణుకు. కంటిపాపలు గుండుసూది తలంత అయ్యాయి. వెలుతురు వల్ల అనుకున్నాం.

కిందటి ఏడు ఆ నెల అంకెలు తీసి చూశాను. చాలా బాగున్నాయి.

ఉత్తర, ఏడో రోజు

మల్లికకు ఫోన్ చేశాను. పిచ్చుకలు శుభ్రమైన గింజ తింటున్నాయని, చేలో తినే పిట్టలు చస్తున్నాయని, మనుషులు తినేది చేలోదేనని చెప్పాను.

"తాడిచెట్ల దగ్గర వల పెట్టి అంకెలు తీస్తాను."

"వల చోటు మారితే మీటరు తీసుకోదండి. చోటు మార్చాలంటే ఏడాదాఖరులోనే."

"మనుషుల రక్తం చూడండి."

"మనుషులకు మీటర్లు లేవండి మా దగ్గర. తీసేశారు కదా." కాస్త ఆగి, "మీ అంకె తొంభై ఆరు ఉంది సార్. దాని మీద నేను స్తంభాలు ఆపితే, దోమకి పంట పోతే, ఏం చూసి ఆపావని అడుగుతారు. ఏం చూపించను?"

ఆమె చెడ్డ మనిషి కాదు.

"ఆ కుచ్చులు తీసేయండి సార్" అంది. "అదొక్కటే మీ చేతిలో ఉంది."

ఉత్తర, చివరి రోజు

వరాలమ్మ చేలో పడిపోయింది. ఆడవాళ్లు మంచం మీద మోసుకొచ్చారు. నేను వెళ్లేసరికి చెమటకు జాకెట్టు తడిసిపోయి ఉంది. పెదవుల చివర తుడుచుకుంటూనే ఉంది. గడప దగ్గర వెలుతురు లేదు, అయినా కంటిపాపలు సూదిమొనల్లా ఉన్నాయి.

"రండన్నయ్యగారూ. కూర్చోండి. కాఫీ పెట్టేవాళ్లే లేరు, నేనేమో రాణీగారిలా పడుకున్నాను."

మంచం పక్కన పీట మీద కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో ఆలోచించుకుని వెళ్లాను, మొదలుపెట్టేది వేరేలా అయింది.

"కుచ్చులు దించేయించాలి, వరాలమ్మా. ఊళ్లో అన్నీ."

"ఎందుకండీ?"

చెప్పాను. పిట్టలు మన చూరు కింద మంచి గింజ తింటున్నాయి. అంకె బాగా వస్తోంది. అంకె బాగా వస్తే మబ్బు పెరుగుతుంది. మబ్బు తినేది మనం.

ఆమె కళ్లు మూసుకుని వింది. "రేపే కదండీ సంవత్సరీకం. వొదిన పేరున కట్టినయ్యి, వొదిన రోజునే పీకేయమంటారా?"

"రేపే."

"అయితే ఆ పిట్టలు చేలో తినాలా?"

"తినాలి."

"చచ్చిపోవూ?"

"కొన్ని చస్తాయి."

"వొదినుంటే మిమ్మల్ని చీపురు తిరగేసి కొట్టేది."

"కొట్టేది."

ఆమె కళ్లు తెరిచి నా వైపు చూసింది. నవ్వుదామని మొదలుపెట్టిన మొహం మధ్యలో ఆగిపోయింది.

"వొదినకీ ఇదేనాండీ? జొరం కాదా?"

"ఇదే."

గోడ వైపు తిరిగి పడుకుంది. లేవబోతుంటే గోడ వైపు నుంచే అంది.

"బుల్లెబ్బాయిని పిలవండి. నిచ్చెన ఆడి దగ్గరుంటుంది."

హస్త కార్తె, ప్రవేశం

హైమ సంవత్సరీకం.

బుల్లెబ్బాయి నిచ్చెన మోశాడు. నేను ఇంటింటికీ ముందు నడిచాను. కొందరు తామే దించి ఇచ్చారు. కొందరు తలుపు మూసుకున్నారు, బుల్లెబ్బాయి ఎక్కి దించాడు. ఒక పెద్దావిడ గంప లాక్కుని, "మా పిట్టలు ఫస్టొచ్చినియ్యి, నీకేం కళ్లు మండినియ్యి?" అంది. వరాలమ్మ పంపిందని చెబితే వదిలింది.

"ఎవరి ఇంటైనా తిథి నాడు కాకి రాకపోతే గంటలు గంటలు చూస్తారండీ" అన్నాడు బుల్లెబ్బాయి నిచ్చెన మీంచి. "పిండం ముట్టేదాకా ఎవడూ మెతుకు ముట్టడు. పిట్టల నోటికాడ కూడు లాక్కునే తద్దినం మాత్రం ఇదే చూట్టం."

నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. అతను కిందికి దిగి, "తప్పుగా అన్నానండీ" అన్నాడు.

"లేదు. సరిగ్గానే అన్నావు."

కుచ్చులన్నీ స్టేషన్‌లోని మూత డ్రమ్ములో వేసి తాళం పెట్టాం. జబ్బుగా ఉన్నవాళ్లకు దంచి వండి పెట్టమన్నాను. ఎవరూ ఒప్పుకోలేదు. చూరుకు ఎక్కిన గింజ పిట్టలదట, మనిషి ముట్టకూడదట. అరెకరంలో పాలు పోసుకుంటున్న చేను మీద పాత వలలన్నీ కప్పాం.

మా చూరు కొక్కేలు కూడా ఖాళీ చేశాను. పిచ్చుకలు వచ్చి కొక్కేల మీద కూర్చున్నాయి. సాయంత్రం దాకా వస్తూ పోతూ ఉన్నాయి.

హస్త, ఏడో రోజు

అంకె 84. పిచ్చుకలు చేల మీద వాలుతున్నాయి. వసారాలో పొట్టు లేదు.

వరాలమ్మ కూర్చోగలుగుతోంది గానీ గ్లాసు పట్టుకోలేకపోతోంది. మబ్బు రోజూ దిగుతోంది, పెరిగిన మోతాదులోనే. అంకె తొంభై దాటితే మెట్టు పెరుగుతుంది గానీ, తగ్గితే మెట్టు దిగదు. డెబ్భై వస్తేనే, అదీ ఒక్కసారిగా, ఆగుతుంది.

హస్త, చివరి రోజులు

77. తర్వాత 73.

వల కింద రెండు చచ్చిన పిచ్చుకలు దొరికాయి. ఒకటి ఈ ఏటి పిల్ల. నోటి అంచులు ఇంకా పసుపు పచ్చగా ఉన్నాయి. ఉంగరాలు తీసి డబ్బాలో వేశాను. పిట్టలను వల గుంజ దగ్గర పూడ్చాను.

చిత్త కార్తె, మూడో రోజు

72. నిన్న 72. మొన్న కూడా 72.

కిందికి దిగడంలేదు. ఎందుకో చూడడానికి ఒక్కొక్క పిట్ట అంకె విడిగా చూశాను. దాదాపు అన్నీ అరవైల్లో ఉన్నాయి. మూడు మాత్రం తొంభై. అందులో ఒకటి ఎర్ర ఉంగరం. సగటును పైకి లాగి పట్టుకున్నవి ఆ మూడే.

బుల్లెబ్బాయి వచ్చి, వరాలమ్మకు నిన్నటి నుంచి మూర్ఛలు వస్తున్నాయని చెప్పాడు. ఊపిరి గురగురమంటోందట. ఆసుపత్రి పడవకు కబురు పెట్టారు. కాలవలో నీళ్లు తక్కువ, ఎప్పుడొస్తుందో తెలియదు.

"మబ్బు ఆగితేనన్నా నిలబడేదేమోనండీ. ఇంకెంత దిగాలి?"

"రెండు."

"రెండా? రెండేనా?" నా మొహంలోకి చూశాడు. "ఊళ్లో ఒక్క కుచ్చూ లేదండీ. నేనే ఎక్కి చూశాను. పశువుల పాకలు కూడా చూశాను. మరి ఎక్కడ తింటున్నాయండీ అయ్యి?"

చూస్తానన్నాను.

చిత్త, మూడో రోజు, సాయంత్రం

ఎక్కడ తింటున్నాయో నాకు తెలుసు. హస్త మొదటి నుంచీ తెలుసు. ఇంట్లో హైమ మంచం పక్కన నేల మీద రోజూ మీసాల పొట్టు కనిపిస్తోంది, రోజూ ఊడుస్తున్నాను. వెంటిలేటర్‌కు అద్దం లేదు. అందులోంచి వచ్చి గోడ గూట్లో వాలుతున్నాయి.

అక్కడున్న హైమ ఆఖరి కుచ్చును మిగతావాటిలో లెక్క వేయలేదు. సగమే అల్లింది కదా అనుకున్నాను.

గూట్లోంచి తీశాను. ఒక వైపు గింజలు రాలిపోయి బోడిగా ఉంది. మరో వైపు ఇంకా నిండుగా ఉంది. అల్లిక ఆపిన చోట గడ్డి రెండు పాయలుగా విడిపోయింది. ఆ రెండింటినీ ముడి వేయడానికి ప్రయత్నించిన గుర్తులు ఉన్నాయి, నలిగిన చోట్లు. చేత్తో నలిగితే గడ్డి అలా తెల్లబడుతుంది.

వెంటిలేటర్‌కు అట్ట కొట్టాను. కంకులు దులిపి, రోట్లో దంచి, చెరిగి, కడిగి, గంజిగా కాచాను. ఒక గిన్నెడు అయింది. గడ్డి మాత్రం గూట్లో పెట్టాను.

చీకటి పడకముందే వరాలమ్మ ఇంటికి వెళ్లాను. ఆమెకు తెలివి వచ్చి ఉంది. గిన్నె చూసి తల అడ్డంగా ఊపింది.

"పిట్టలదండీ అది. నేనెట్టా తాగుతాను?"

"ఇది చూరుకు ఎక్కలేదు. హైమ ముగించలేదు. ఇంకా పిట్టలది కాలేదు."

ఆమె గిన్నెలోకి తొంగి చూసింది.

"గూట్లోదా?" అంది.

"అవును."

"మీరది ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు కదండీ. బూజు దులుపుతానన్నా ఒప్పుకునేవారు కాదు."

చెంచాతో తాగించాను. సగం బయటికి కారింది. తుడిచి మళ్లీ తాగించాను. బుల్లెబ్బాయి గడపలో కూర్చుని చూస్తున్నాడు. లేచి, మిగతా జబ్బువాళ్లకూ గంజి కాయిస్తానని డ్రమ్ము తాళం కోసం చెయ్యి చాపాడు. ఇచ్చాను.

చిత్త, ఆరో రోజు

71.

ఎర్ర ఉంగరం పొద్దుటి నుంచీ వెంటిలేటర్ అట్టను పొడుస్తోంది. లోపల కూర్చుని విన్నాను. మధ్యాహ్నానికి మానేసింది.

చిత్త, తొమ్మిదో రోజు

68. మీటరు తెర ఎర్రబడింది. స్తంభాలు నిలిపివేయబడ్డాయి, అని వచ్చింది. పక్కనే గంట గుర్తు ఒకటి, అధికారికి తెలిపినట్టు.

మల్లిక ఫోన్ చేసింది. "ఆగినయ్యి సార్" అంది. ఇంకేదో అనబోయి ఆగి, "అంకె నూటికి ఎనభై దాటితే మళ్లీ మొదలవుతాయండి. చివరి మోతాదుతోనే. అది మీకు తెలిసే ఉంటుంది" అంది.

తెలుసన్నాను.

ఆసుపత్రి పడవ నిన్న వచ్చింది. వరాలమ్మను తీసుకెళ్లకుండా ఇక్కడే సూది వేసి వెళ్లారు. ఊపిరి తేలికైంది. వాళ్లు విషజ్వరమని రాయబోతే బుల్లెబ్బాయి ఒప్పుకోలేదట. కాగితం మీద ఏమీ రాయకుండా వెళ్లిపోయారు.

స్వాతి కార్తె, ప్రవేశం

మబ్బు వేళకు మెలకువ వచ్చింది. బుస కోసం ఎదురుచూశాను, అలవాటుగా. రాలేదు. చేల మీద మామూలు మంచు ఉంది.

వరి దుబ్బుల మొదట్లో దోమ కనిపిస్తోంది. పక్క జోనులో మబ్బు దిగుతూనే ఉంది, వాళ్ల చేలు పచ్చగా ఉన్నాయి. ఇక్కడ కొన్ని మడులు గుండ్రంగా ఎండిపోవడం మొదలైంది. నిన్న ఇద్దరు రైతులు వసారా ముందు నిలబడి, పిట్టలకు మళ్లీ ఎప్పుడు నయమవుతుందని అడిగారు. చెప్పలేనన్నాను. వాళ్లలో ఒకతను వెళ్తూ, "మా ఆవిడ చేతుల వణుకు తగ్గిందిలెండి" అన్నాడు. నాతోనే అన్నాడో, పక్కవాడితో అన్నాడో.

బుల్లెబ్బాయి దగ్గు తగ్గలేదు.

వల తెరిచాను. ఆరు పిచ్చుకలే పడ్డాయి. ఇదివరకు పడే పిట్టల్లో ఇంచుమించు సగం. ఐదింటి పని ముగించి ఆరో సంచి విప్పబోతుంటే వరాలమ్మ వచ్చింది. కర్ర పట్టుకుని, ఊరి నుంచి ఇక్కడి దాకా ఒక్కతే నడిచింది. మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకుంది.

"ఈసారి అరెకరం పంట ముందు జబ్బు మనుషులకండీ. పిట్టలకి తర్వాత. ఊళ్లో చెప్పేశాను. ఒక్కరూ కిక్కురుమనలేదు." నా చేతిలో మేజోడు చూసింది. "అదేంటండీ ఆ అవతారం? దాని మొహాన మేజోడేంటి?"

"కళ్లు కప్పడానికి."

"ఇటివ్వండి."

సంచిలోంచి తీసిచ్చాను. ఎర్ర ఉంగరం. వేలు పొడవలేదు. తేలిగ్గా ఉంది, ఈకలు లేచి ఉన్నాయి. వరాలమ్మ రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ చేతులు ఇంకా వణుకుతున్నాయి. జారిపోతుందేమోనని నా చెయ్యి కింద పెట్టాను. ఆమె కొంగు లాగి దాని కళ్ల మీద కప్పింది.

రెక్క విప్పి, ఒక చుక్క తీశాను. 59. మీటరు పంపింది.

వదిలేశాం. చూరు మీదికి వెళ్లి, ఖాళీ కొక్కెం మీద కాసేపు కూర్చుంది. తర్వాత చేల వైపు ఎగిరింది.